విజిల్ ఊదే కెప్టెన్‌కు విజయోస్తు

అల్టిమేట్ ఫ్రిస్బీకి అంపైర్ ఉండడు. వీధి చివర ఆడినా, ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ ఆడినా ఫౌల్ అయిందో లేదో ఆడేవాళ్లే చెప్పాలి, వాళ్లే తేల్చుకోవాలి. కాబట్టి ఉప్పల్, నాచారం కుర్రకారును పోగేసి ఒక జట్టు కట్టి, ఇంకెవరూ ముందుకు రాకపోవడంతో కెప్టెన్ అయిపోయిన మీరు మొట్టమొదట చేయాల్సిన పని మంచి విజిల్ ఒకటి కొనడం. తాడుతో సహా. బళ్లో డ్రిల్లు సారు మెడలో వేలాడినట్టే అది మీ మెడలోనూ వేలాడాలి. ఆట కనిపెట్టినవాళ్లు వదిలేసిన ఖాళీని భర్తీ చేయడానికే మీరు పుట్టారు. డిస్కు తర్వాత కొనుక్కోవచ్చు.

డిస్కంటే 175 గ్రాములది అంటారు తెలిసినవాళ్లు. మీరు మాత్రం బొమ్మల దుకాణంలో వేలాడే పల్చటి ప్లాస్టిక్ పళ్లేన్నే తెచ్చుకోండి. అది చేతినుంచి వదిలాక ఎటు పోతుందో దానికే తెలియదు. పాస్ తప్పిన ప్రతిసారీ 'డిస్కు బాలేదన్నా' అనుకునే వెసులుబాటు జట్టుకు ఉండాలి కదా.

ఇక గ్రౌండ్. నిబంధనల ప్రకారం 100 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు, రెండు చివర్లా 18 మీటర్ల చొప్పున, డిస్కు పట్టుకుంటే పాయింటు వచ్చే ఎండ్‌జోన్లు. మన లెక్కలో దాదాపు 4,425 గజాలు. ఉప్పల్‌లో గజం ధర తెలిసినవాళ్లు ఈ అంకెను రెండోసారి చదవలేరు. అయినా దిగులు పడకండి. ఉప్పల్ భగాయత్‌లో, మెట్రో డిపోకూ మూసీకీ మధ్య, వేలంలో అమ్ముడై ఇంకా ఇల్లు లేవని ప్లాట్లు వెతికితే దొరుకుతాయి. మీరు కోన్లు పెట్టిన నెలకు అక్కడికి బోరు బండి వస్తుంది. మరో నెలకు కంకర కుప్ప. ఎండ్‌జోన్ పద్దెనిమిది మీటర్ల నుంచి పదికి, పది నుంచి ఆరుకు దిగుతుంది. అప్పుడు నాచారం వైపు వెళ్లండి. ఆదివారం పొద్దున అక్కడి మైదానంలో టెన్నిస్ బాల్ మ్యాచ్‌లు నాలుగైదు ఒకదాని మీదొకటి నడుస్తుంటాయి. ఈ మ్యాచ్ మిడ్‌వికెట్ ఆ మ్యాచ్ స్లిప్పుల్లో నిలబడి ఉంటాడు, ఎవరి క్యాచ్ ఎవరు పట్టినా అవుటే. 2024 మార్చి 27న సన్‌రైజర్స్ 277 కొట్టిన స్టేడియం చుట్టుపక్కల పెరిగిన పిల్లలు, మీ పళ్లెం కోసం పిచ్ ఖాళీ చేస్తారని ఆశపడకండి.

ఏ గ్రౌండూ దొరక్కపోతే పార్కింగ్ స్థలం చూసుకోండి. నామోషీ ఏం లేదు. ఈ ఆటను 1968లో న్యూజెర్సీలోని మేపుల్‌వుడ్‌లో కొలంబియా హైస్కూల్ పిల్లలు మొదలుపెట్టారు, బడి పార్కింగ్ స్థలంలోనే లైట్ల కింద ఆడేవారు. వాళ్లలో ముఖ్యుడు జోయెల్ సిల్వర్. పెద్దయ్యాక 'డై హార్డ్', 'మ్యాట్రిక్స్' సినిమాలు తీసిన నిర్మాత ఆయనే. తెర మీద అన్ని తుపాకులు పేల్పించిన మనిషి, స్నేహితులతో కలిసి ఆడేటప్పుడు ఒక్క అంపైర్‌ను పెట్టుకోలేకపోయాడు. చిన్నతనం మరి.

ప్రాక్టీసు ఆదివారం పొద్దున ఆరింటికని వాట్సాప్ గ్రూపులో పెట్టండి. పద్నాలుగు బొటనవేళ్లు లేస్తాయి. మనుషులు లేవడం వేరే సంగతి. ఆరూ పదికి ఫోన్ చేస్తే 'హబ్సిగూడ సిగ్నల్ దగ్గరున్నా అన్నా' అంటారు. వెనక కుక్కర్ కూత వినిపించినా నమ్మండి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలయ్యాయి. ఆ పిల్లర్ల మధ్య ఏళ్ల తరబడి డిగ్రీలు చదివిన కుర్రాళ్లకు పది నిమిషాలు ఒక ఆలస్యమా? మీరు మాత్రం కాలం వృథా చేయకుండా, వచ్చిన ఐదుగురినీ నిలబెట్టి ప్రసంగం మొదలుపెట్టండి. ఆరో మనిషి రాగానే మళ్లీ మొదటినుంచి చెప్పండి. ఏడుంపావుకు అందరూ వస్తారు. ఎండా వస్తుంది.

అసలు విషయం డ్రిల్లు. దీన్ని నిదానంగా చెప్పాలి, ఎందుకంటే జట్టును పాడుచేయడానికి ఇంతకన్నా నమ్మకమైన మార్గం నాకు తెలియదు. పద్నాలుగు మందిని ఒకే వరుసలో నిలబెట్టండి. ఒకే డిస్కు. ముందున్నవాడు పరిగెత్తుతాడు, విసిరినవాడు విసురుతాడు, పట్టినవాడు వరుస చివరికి వెళ్తాడు. ఒక్కో వంతుకు ఎనిమిది సెకండ్లు వేసుకున్నా, ఒక మనిషికి మళ్లీ వంతు రావడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. ఇరవై నిమిషాల డ్రిల్లులో తలకు పది త్రోలు. అదే ఇద్దరికో డిస్కు ఇచ్చి ఎదురెదురుగా నిలబెడితే, ఆ ఇరవై నిమిషాల్లోనే తలకు నూట ఇరవై త్రోలు పడతాయి. బ్యాక్‌హ్యాండ్ కుదురుతుంది, ఫోర్‌హ్యాండ్‌లో మణికట్టు మాట వినడం మొదలుపెడుతుంది. అది ప్రమాదం. త్రోలు కుదిరినవాడు మీ సలహా అడగడు. పైగా వరుసలో ఉన్న సుఖం జంటల్లో లేదు. వరుసలో నిలబడి రీల్స్ చూసుకోవచ్చు, ప్రాక్టీసు తర్వాత ఇడ్లీ ఎక్కడ తినాలో తేల్చుకోవచ్చు. దూరం నుంచి ఫొటో తీస్తే క్రమశిక్షణ లాగా కూడా కనిపిస్తుంది.

డ్రిల్లులో డిఫెండర్‌ను పెట్టకండి. ఎదురు ఎవరూ లేకపోతే పాస్‌లన్నీ అందుతాయి, అందరూ సంతోషంగా ఇంటికి వెళ్తారు. మ్యాచ్‌లో మూడు మీటర్ల లోపు ఒక మార్కర్ వచ్చి నిలబడి, చేతులు చాచి, 'స్టాలింగ్, ఒకటి, రెండు' అని లెక్క మొదలుపెడతాడు. పది అనడం మొదలయ్యేలోపు డిస్కు చేయి వదలాలి. ప్రాక్టీసులో ఎప్పుడూ ఆ లెక్క వినని కుర్రాడికి ఏడు దగ్గర గొంతు తడారిపోతుంది. ఎనిమిది దగ్గర అరవై మీటర్ల అవతల ఎవరో ఒకరు ఉండకపోరన్న విశ్వాసంతో గాల్లోకి వదిలేస్తాడు. ఆరు వినపడగానే పక్కకు తిరిగి, వెనకున్న హ్యాండ్లర్‌కు ఐదు గజాల డంప్ ఇవ్వడం మీరు నేర్పితే ఈ గొడవ ఉండదు. కానీ ఐదు గజాల పాస్‌కు ఎవడు చప్పట్లు కొడతాడు? ఆ సమయంలో హ్యామర్ నేర్పండి. తల మీదుగా తిరగేసి విసిరే హ్యామర్, బ్యాక్‌హ్యాండ్ రానివాళ్లకు ఎంతో గౌరవం తెచ్చిపెట్టే త్రో.

ఫోర్స్ గురించి ఒక మాట. మార్కర్ విసిరేవాడికి ఒక పక్క మూసేస్తే, మిగతా ఆరుగురు డిఫెండర్లూ రెండో పక్కన కాపు కాస్తారు. జట్టు డిఫెన్సంతా ఈ ఒప్పందం మీదే నిలబడి ఉంటుంది. ఏ పక్కకు తోలాలో పాయింటుకు ముందు అరవాలి. భగాయత్‌లో ఆడేటప్పుడు దీనికి 'డిపో', 'మూసీ' అనే రెండు కేకలు చాలు. 'ఫోర్స్ మూసీ' అంటే గాలి వాసన పట్టి తిరగొచ్చు, కుడిఎడమలు తెలియాల్సిన పనిలేదు. అందుకే మీరు ఆ కేకలు మానేసి, పుస్తకంలో ఉన్న ఇంగ్లిషు పదాలే వాడండి. ముగ్గురు ఇటు, నలుగురు అటు తిరుగుతారు. అప్పుడు విజిల్ ఊదే అవకాశం వస్తుంది.

ఆషాఢంలో పడమటి గాలి లేచిందంటే ప్రాక్టీసు రద్దు చేయండి. ఎదురుగాలిలో డిస్కు ముక్కు ఎత్తితే పైకి లేచి వెనక్కి వస్తుందని, తక్కువ ఎత్తులో ఎక్కువ తిప్పి విసరాలని, ఎదుటి జట్టు జోన్ వేసి ముగ్గురితో చుట్టుముడితే ఓపికగా చిన్న పాస్‌లు వేసుకోవాలని ఆ గాలిలోనే తెలుస్తుంది. అవన్నీ ఎందుకు? టోర్నమెంటుకు చెన్నై సముద్రపొడ్డుకు వెళ్లినప్పుడు అక్కడ గాలి ఉండదుగా.

మిక్స్‌డ్ జట్టయితే ఇంకా తేలిక. ఏడుగురిలో ఆడవాళ్లు నలుగురైతే మగవాళ్లు ముగ్గురు, లేదా అటుదిటు. ఆడ, మగ లెక్క పాయింట్లను బట్టి మారుతుంది. అమ్మాయిలు డ్రిల్లులో అబ్బాయిలతో సమానంగా పరిగెత్తాలి. మ్యాచ్‌లోనూ పరిగెత్తాలి. డిస్కు ఇవ్వాలని మాత్రం ఎక్కడా రాసిలేదు. ఎండ్‌జోన్‌లో ఒకావిడ ఒంటరిగా చెయ్యెత్తి నిలబడి ఉంటే, ఉప్పల్ రింగ్‌రోడ్డులో వరంగల్ బస్సు ఆపుతోందనుకుని చూపు తిప్పుకోండి. ముగ్గురు డిఫెండర్ల మధ్య ఉన్న పొడుగు కుర్రాడికే విసరండి. వాడు ఎగురుతాడు, అందదు, 'కొద్దిలో పోయింది మామా' అంటాడు. ఆ అక్క నాలుగు వారాలు వచ్చి ఐదో వారం రాదు. 'అమ్మాయిలకు సీరియస్‌నెస్ ఉండదు' అని గ్రూపులో ఒక మాట పెట్టండి.

చివరికి ఎవరో ఒకరు ఫౌల్ అంటారు. మీ శిక్షణకు అసలు పరీక్ష అదే, తొందరపడకండి. భగాయత్‌లో ఒక ఆదివారం ఇలా జరిగింది. ఎండ్‌జోన్ మూలలో ఒకమ్మాయి డిస్కు మీద వేళ్లు వేసింది, వెనకనుంచి వచ్చిన కుర్రాడి చెయ్యి పడింది, డిస్కు కింద పడింది. ఆమె మణికట్టు మీద గోరు గీరిన ఎర్రటి గీత.

'ఫౌల్' అందామె.

'నేను డిస్కే కొట్టిన అక్కా.'

'నా చెయ్యి తాకినంక డిస్కు కొట్టినవ్.'

నిబంధనల్లో దీనికి దారి ఉంది. కుర్రాడు ఒప్పుకుంటే డిస్కు ఆమెది. ఒప్పుకోకపోతే 'కాంటెస్ట్' అంటాడు, డిస్కు మళ్లీ విసిరినవాడి దగ్గరకు పోతుంది, ఆ త్రో పడనట్టే లెక్క. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు, ఆట సాగుతుంది. కుర్రాడు ఆమె మణికట్టు వైపు చూశాడు. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడు కెప్టెన్‌గా మీరు విజిల్ ఊదారు.

'ఫౌల్ లేదు, ఏం లేదు. ఆడండి.'

వాకింగ్‌కు వచ్చి, పాల ప్యాకెట్లు పట్టుకుని గట్టున నిలబడి చూస్తున్న పెద్దాయన తలూపాడు. 'ఇందాకటి సంది అంపైర్ ఏడని చూస్తున్న. ఈయనేనా? గట్లుండాలె. లేకుంటే ఆటేంది?' థర్డ్ అంపైర్‌నూ డీఆర్ఎస్‌నూ చూసి చూసి అలవాటైన కళ్లవి. ఆయన మెచ్చుకున్నాడంటే మీరు సరైన దారిలో ఉన్నారు. తర్వాతి వారం ఆ అమ్మాయి ఫౌల్ అనలేదు, నేరుగా మీ వైపు చూసింది. కుర్రాడూ మీ వైపే చూశాడు. ఇద్దరికీ నిబంధనల పుస్తకం చదివే అవసరం శాశ్వతంగా తీరిపోయింది.

ఇలా మూణ్నెల్లు తయారు చేసి జట్టును టోర్నమెంటుకు తీసుకెళ్లండి. మ్యాచ్‌లు ఎన్ని ఓడారన్నది అడక్కూడదు. ఆట అయ్యాక రెండు జట్లూ కలిసి భుజాల మీద చేతులేసుకుని గుండ్రంగా నిలబడతాయి, తర్వాత ఒకరికొకరు స్పిరిట్ మార్కులు వేసుకుంటారు. నిబంధనలు తెలిసి వాడటం, ఒంటికి తగలకుండా ఆడటం, న్యాయబుద్ధి, నిగ్రహంతో కూడిన మంచి మనసు, మాట్లాడే తీరు: ఈ ఐదింటికీ సున్నా నుంచి నాలుగు దాకా. మామూలుగా బాగా ఆడిన జట్టుకు ఒక్కోదానికి రెండు, మొత్తం ఇరవైకి పది. వెయ్యికి తొమ్మిది వందల తొంభై వచ్చిన ఇంటర్ పిల్లల ఫొటోలు గోడనిండా అంటించే ఊళ్లో పెరిగిన మీకు, పది అంటే మొహం చెల్లని మార్కు. మీకు తొమ్మిదే వస్తుంది.

వెంటనే ఆ జట్టు కెప్టెన్ దగ్గరకు వెళ్లి, రీకౌంటింగ్‌కు ఎవరిని అడగాలో కనుక్కోండి.

'కూడిక సరిగానే ఉందన్నా' అంటుంది ఆమె. 'నిబంధనల దగ్గర ఒకటే వేశాం. మేం కాల్ చేసిన ప్రతిసారీ మీవాళ్లు మాకు జవాబు చెప్పలేదు. మీ వైపు చూశారు.'

ఈ మాట జట్టుకు చెప్పాల్సిన పనిలేదు. తిరుగు రైలెక్కగానే గ్రూపులో, వచ్చే ఆదివారం నుంచి ప్రాక్టీసు ఐదున్నరకే అని పెట్టండి.