సర్వరువారి దర్శనము

పద్దు ఒక ఊరిలోను, ఆ పద్దు వ్రాయువాడు మఱియొక ఊరిలోను ఉండవచ్చునని మొదట తలపోసిన మహానుభావుడెవ్వడో కాని, అతడు మా హరిశ్చంద్రపురము విచ్చేసి జీడిపిక్కల గిడ్డంగిలో ఒక్క పూట కూర్చుండినచో తన సిద్ధాంతమును కొంత సవరించుకొనెడివాడని నా విశ్వాసము. మా యజమానిగారి కర్మాగారము పలాసలో నున్నది. లెక్కలన్నియు అచ్చటి సర్వరు పెట్టెలో నున్నవి. 80 కిలోల బస్తాలు తూకము వేయించి అంకెలు ఎక్కింపవలసిన నేను మాత్రము ఇచ్చట నున్నాను. నడుమ కోటబొమ్మాళి, నౌపడ, పూండి స్టేషన్లున్నవి. పూర్వము చీటీ వ్రాసి పాసింజరులో పంపెడివారము; సాయంకాలమునకు చేరెడిది. ఈ జాగు సహింపలేక, రెండూళ్లకును నడుమ వీపీఎన్ అను చాటుబాట వేయించి, నా బల్లమీది కంప్యూటరును సర్వరుతో మాటలాడించుటకై యజమానిగారు విశాఖపట్టణమునుండి ఒక ఇంజనీరు కుఱ్ఱవానిని రప్పించిరి.

కుఱ్ఱవాడు బుద్ధిమంతుడే. సర్వరు పేరు, డేటాబేసు పేరు, యూజరు పేరు వరుసగా కొట్టి, టీ చల్లారకమునుపే పని ముగియునని అభయమిచ్చెను. యంత్రము చాలసేపు ధ్యానించి, సర్వరు కనబడలేదు, లేక ప్రవేశమునకు వీలు కాలేదు అని ఇంగ్లీషున సెలవిచ్చెను. సర్వరు లేనే లేదనుటకును, ఉండియు రానీయదనుటకును ఒకే వాక్యమును వాడు యంత్రము సత్యహరిశ్చంద్రుని పేరుగల గ్రామములో ఎట్లు నిలువనేర్చినదో నాకు బోధపడలేదు. బస్తాలు దింపుచున్న కలాసి ఒకడు తొంగిచూచి, “ఏటి బావూ, పెట్టి నేదంతాందా? నిన్న పలాసలో నాను సూసినాను గదా, అక్కడే ఉన్నాది!” అని సాక్ష్యము చెప్పెను గాని, యంత్రము సాక్షులను అంగీకరింపదు.

పూర్వము మందసా జమీందారుగారి దర్శనము కోరి పోవువానికి కోట యెచ్చటనో తెలిసిన చాలదు. ఏ ద్వారమున పోవలెనో తెలియవలెను, ద్వారపాలకుడు అడ్డు తొలగవలెను, దివాణములో తన పేర అనుమతి వ్రాసియుండవలెను. సర్వరువారి మర్యాదయు నట్టిదే. ఐపీ అడ్రసు కోట. పోర్టు ద్వారము, మైక్రోసాఫ్టువారి ఎస్.క్యూ.ఎల్. సర్వరునకు మామూలుగా దాని సంఖ్య 1433, ఫైర్‌వాల్ ద్వారపాలకుడు, లాగిన్ అనుమతి. ఇందులో మా ఊరి కంప్యూటరు చేతనైనది పేరును చిరునామాను చెప్పుకొనుటయే. తక్కినదంతయు పలాసలో తేలవలసినది. అయినను లోకమంతయు అడుగువాని యంత్రమునకే అభిషేకము చేయును! పైగా మా యజమానిగారు పెట్టినది ఆ ఎస్.క్యూ.ఎల్. సర్వరులో ఎక్స్‌ప్రెస్ అను ఉచిత ప్రతి; దానిని 2005 నాటి కూర్పునుండి బయటివారికి తలుపు మూసియే పంపుచున్నారు. నేను తప్పనను. 2003 జనవరి 25న స్లామర్ అను 376 బైట్ల పురుగు 1434 సంఖ్యగల పక్కద్వారమున దూరి, పది నిమిషములలో సుమారు 75,000 యంత్రములలో అధికభాగమును పట్టుకొన్నది. అది చూచినవారికి తలుపు మూయ బుద్ధిపుట్టుట సహజము.

పలాసకు ఫోనుచేసి, టీసీపీ మార్గమును తెఱపించి, 1433 ద్వారమున మా కంప్యూటరొక్కదానినే రానిమ్మని ఫైర్‌వాల్‌కు చెప్పించిన పిమ్మట, ప్రోగ్రామును డేటాబేసుతో కలుపు ఓ.డి.బి.సి. వంతు వచ్చినది. 64 బిట్ల విండోసులో ఈ అమరిక చేయు సాధనములు రెండు కలవు. రెండింటి ఫైలుపేరును ఓడీబీసీఏడీ32 యే. అందులో 64 బిట్లది సిస్టమ్32 అను సంచిలోను, 32 బిట్లది వావ్64 అని తోకగల సంచిలోను నివసించును. నేను అచ్చుతప్పు వ్రాయుట లేదు. పాఠకుడు మఱల చదువుకొనవచ్చును. మా బిల్లుల ప్రోగ్రాము పాతది, 32 బిట్లది. కుఱ్ఱవాడు అమర్చినది 64 బిట్లవైపు. కనుక అమరిక ఒకచోట కుశలముగా నుండగా, ప్రోగ్రాము దానిని వేఱొకచోట వెదకుచు విలపించుచుండెను.

ఆ చిక్కు విడిపోగా సర్వరు మొదటిసారిగా మమ్ము గుర్తించి పలికిన పలుకు: లాగిన్ విఫలము, 18456. ఎందుచేత? చెప్పదు. యూజరు పేరు తప్పో, పాస్‌వర్డు తప్పో అడిగినవానికి చెప్పినచో దొంగకును చెప్పినట్లే యగునని, అసలు కారణమును తన లాగ్‌లో మాత్రము స్టేట్ అను సంఖ్యతో వ్రాసికొనును. అది 5 అయినచో అట్టి యూజరు లేడు. 8 అయినచో పాస్‌వర్డు తప్పు. పలాస సూపర్‌వైజరు లాగ్ చూచి, “ఎనిమిదని ఉన్నాదండీ” అనెను. విచారింపగా, మా యజమానిగారు జీడిపప్పు రకము పేరునే పాస్‌వర్డుగా పెట్టుకొనియుండిరి. పౌనుకు 320 పలుకులు తూగు డబ్ల్యు320 రకము తమ హోదాకు తక్కువని తోచి, లావుపాటి పలుకైన డబ్ల్యు240 కి మార్చి, ఆ సంగతి ఎవ్వరికిని చెప్పలేదు. తదుపరి అదియు మార్చబడినది, పాఠకులు ప్రయత్నింపవలదు.

నాటి సాయంకాలము మొదటి బస్తా తూకము పలాస తెరమీద కనబడినది. మఱునాడు కరెంటు పోయి వచ్చుటతో రౌటరు సర్వరునకు క్రొత్త ఐపీ అడ్రసు ప్రసాదించినది, సర్వరు మరల కనబడలేదు. స్థిరమైన అడ్రసు నొకటి కట్టబెట్టిన తరువాతనే ఆ సంచారము నిలిచినది.

కావున అయ్యలారా, మీ బల్లమీది యంత్రము సర్వరు కనబడలేదన్నచో దానిని ఆర్పి వెలిగించుచు కూర్చుండక, ముందుగా సర్వరున్న ఊరికి ఫోను చేయుడు. అచ్చట ఎవ్వరును ఎత్తనిచో, కరెంటు లేదేమో కనుగొనుడు.