మార్గదర్శకాలు రాసే అయ్యవారికి, తెనాలి నుంచి

తెనాలి,
జనవరి 2022

మహారాజశ్రీ కోవిడ్ మార్గదర్శకాలు జారీ చేయు అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

తమ పేరు నాకు తెలియదు. వాట్సాప్‌లో తిరిగి తిరిగి మా దాకా వచ్చేసరికి ఉత్తర్వుల కింది సంతకం అలుక్కుపోయి ఉంటుంది. తమరు ఢిల్లీలో ఉంటారో, వెలగపూడిలో ఉంటారో, రెండు చోట్లా చెరో అంశతో వెలుగుతుంటారో కూడా తెలియదు. నేను మాత్రం పద్యనాటకాల పిచ్చివాణ్ణి. తెల్లవార్లూ కూర్చుని ‘వన్స్ మోర్’ అని అరిచే జాతి మాది.

నాటకాలు ఎందుకు ఆపారని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆపడం న్యాయమే. 2020 మార్చిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో బృందగానం సాధన చెయ్యడానికి 61 మంది చేరితే 53 మందికి జబ్బు అంటిందట. మా హరిశ్చంద్రుడు ఒక్క పద్యానికి తీసే రాగం ముందు ఆ పాట ఏపాటి? ముందు వరసలో కూర్చునే అలవాటున్నవాణ్ణి, తుంపర్ల సంగతి నాకు తెలుసు. పైగా మా నాటకాల్లో కృష్ణుడు ఒకడుండడు. మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు, కాంట్రాక్టరుకి ఉత్సాహం ఉంటే మూడో కృష్ణుడు కూడా వస్తాడు. ఇంతమంది పరమాత్మల మధ్య రెండు గజాల దూరం పాటించడం ఎవరి తరం?

కాకపోతే తమరు తలుపులు మూసిన రోజు ఉగాది. మార్చి 25. మా వాళ్లకు ఏడాది గింజలు వచ్చేది ఆ ఉగాదికీ నవమికీ, ఆపైన వేసవి జాతరలకీ. నవమి పందిళ్లకు తీసుకున్న అడ్వాన్సులు అప్పటికే ఖర్చయిపోయాయి. హార్మోనిస్టు, తబలా ఆయన, రంగులు వేసే మేకప్ మేన్, కిరీటాలూ డ్రెస్సులూ అద్దెకిచ్చేవాడు, తెరలు కట్టే కుర్రాళ్లు, మైకు సెట్టు వాడు: స్టేజీ మీద కనిపించే ప్రతి మనిషి వెనకా కనిపించని మనుషులు ఇద్దరు ముగ్గురుంటారు. తమ ఉత్తర్వులన్నీ వెతికాను. కుర్చీల్లో కూర్చునేవాళ్లను లెక్కపెట్టారు గాని, తెర వెనక నిలబడేవాళ్ల గింజల సంగతి నాకు ఒక్క చోటా కనబడలేదు.

కుర్చీల లెక్క మాత్రం బహు ముచ్చటగా ఉంది. 2020 సెప్టెంబరు 21 నుంచి వంద మందితో సభ పెట్టుకోవచ్చన్నారు. అక్టోబరులో హాల్లో సగం కుర్చీలు, ఎంత పెద్ద హాలైనా రెండొందలకు మించకూడదన్నారు. సగం ఖాళీ అన్న నియమం, తమతో చెప్పకూడదు గాని, మా పరిషత్తు నాటకాల వాళ్లు కరోనాకు ముందు నుంచే నిష్ఠగా పాటిస్తున్నారు. ఆ ఉత్తర్వులోనే సాంఘిక, విద్యా, క్రీడా, వినోద, సాంస్కృతిక, మత, రాజకీయ కార్యక్రమాలన్నిటినీ ఒకే వాక్యంలో, ఒకే బంతిలో కూర్చోబెట్టారు. చూసి సంతోషించాను. తీరా 2021 ఫిబ్రవరిలో పంచాయతీలకు, మార్చి 10న మునిసిపాలిటీలకు ఎన్నికలు వచ్చాక తెలిసింది, ఆ బంతిలో వడ్డన ఒక్కరికేనని. మా వీధిలోకి వచ్చిన ఊరేగింపుల్లో మనుషుల్ని లెక్కపెట్టే నాథుడు లేడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఎన్నికల రోజుల్లోనే మా డప్పుల వాళ్లకు నాలుగు డబ్బులు వచ్చాయి. కళాపోషణ అంటే అదే కాబోలనుకున్నాను.

మధ్యలో మాకొక కొత్త విద్య నేర్పారు, సెల్‌ఫోన్ నాటకం. మా హరిశ్చంద్రుడు వంటగది గోడకు దుప్పటి కట్టి, దాని ముందు నిలబడి పద్యం అందుకుంటే, ఆయన రాగం చరణంలోకి రాకముందే నెట్టు పోయేది. స్టేజీ మీదైతే పద్యం మెచ్చినవాళ్లు నూట పదహార్లు చదివిస్తారు, వాళ్ల పేరు మైకులో చెబుతారు, వాళ్ల బావమరిది పౌరుషానికి పోయి రెండొందల పదహార్లు చదివిస్తాడు. ఫోన్లో బొటనవేలి బొమ్మలొచ్చాయి. వాటికి ఏ కొట్లోనూ బియ్యం ఇవ్వరు.

కరోనా రెండో విడతలో మా హార్మోనిస్టు పోయాడు. మధ్యాహ్నం పన్నెండు దాటితే గడప దాటకూడదన్న రోజులవి. అంత్యక్రియలకు ఇరవై మందికి మించరాదన్నారు. ఇరవై దాకా లెక్క వెళ్లనే లేదు. కాటి సీనుకు ఎన్నో రాత్రులు శ్రుతి వేసిన మనిషి.

ఇక మా సుబ్బిశెట్టి గురించి మనవి చేసుకోవాలి. అసలు పేరు వద్దు, ఊళ్లో కూడా ఎవరూ ఆ పేరుతో పిలవరు. ‘చింతామణి’లో సుబ్బిశెట్టి వేషం కడతాడు, పగలు బట్టలు కుడతాడు. 2020 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం చేదోడు పథకం కింద రజకులకు, నాయీబ్రాహ్మణులకు, టైలర్లకు పదేసి వేలు ఇచ్చింది. మంచి పని, అతనికీ వచ్చాయి. ఆ జాబితాలో వేషధారి అనే గడి లేదు గనక కుట్టుమిషన్ లేని మా మిగతా వాళ్లకు రాలేదు. ఇదే తెనాలిలో స్థానం నరసింహారావు గారు చీర కట్టి ఆడవేషాలు వేస్తే, 1956లో ప్రభుత్వం అది పద్మశ్రీ ఇవ్వదగిన పని అనుకుంది. మా వాళ్లకు పద్మాలు అక్కర్లేదు. అది పని అని ఒప్పుకుంటే చాలు.

మొన్న జనవరి 17న మాత్రం తమవారు మమ్మల్ని తలుచుకున్నారు. ‘చింతామణి’ని నిషేధించారు. సుబ్బిశెట్టి పాత్ర ఆర్యవైశ్యులను కించపరుస్తోందన్న ఫిర్యాదు చిన్నదేమీ కాదు. కాళ్లకూరి నారాయణరావు గారు రాయని బూతులు స్టేజీ మీద పుట్టించిన ఘనులున్నారు, వినలేక నేనూ లేచి వచ్చేశాను. ఆ బూతులు తీసేయించండి, నేనే సంతకం పెడతాను. దానికి వందేళ్ల నాటకాన్నే తీసేయాలా అన్నది వేరే తగాదా. నా బాధ ఒక్కటే. రెండేళ్లుగా పనివాళ్ల లెక్కలో తమ కంటికి ఆనని వేషధారి నిషేధం వేళకు ఎంత స్పష్టంగా కనిపించాడో చూడండి. టైలరుగా పదివేలు, సుబ్బిశెట్టిగా నిషేధం. ఒకే మనిషి, రెండు కాగితాలు.

ఆ మర్నాటి నుంచే రాత్రి కర్ఫ్యూ. సంక్రాంతికి ఊళ్లకొచ్చేవాళ్లకు ఇబ్బంది కాకూడదని పండగ వెళ్లేదాకా వాయిదా వేశారు, తమ దయ. వేళలు రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున అయిదు దాకా. మేం పదింటికని కరపత్రం వేసి, పదకొండుకి తెర తీసి, అయిదుకి మంగళం పాడతాం. మా కరపత్రం ముందు పెట్టుకుని రాశారా అయ్యా?

కనుక తమకు నా అర్జీ. మళ్లీ ఎప్పుడైనా తలుపులు మూయవలసి వస్తే, మూసే కాగితంతో పాటే తెర వెనక మనుషుల పేర్లు రాసుకునే కాగితం ఒకటి పంపండి. ఆ జాబితా తయారు చెయ్యడం కష్టమేం కాదు, మా ఊళ్లో డ్రెస్సులు అద్దెకిచ్చే కొట్టులో అప్పుల పుస్తకం చూస్తే అందరి పేర్లూ ఉంటాయి.

అది కుదరదంటే, ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకాన్ని రాజకీయ సభగా నమోదు చేసి అనుమతి ఇప్పించండి. అందులో కృష్ణుడు ఎవరిని ముందు చూశాడన్న పేచీ ఉంది, ఇద్దరూ ఒకే మనిషి మద్దతు కోసం పడిగాపులు పడటం ఉంది, అయిదూళ్లైనా ఇవ్వమని సీట్ల బేరం ఉంది, కుదరక విడిపోవడం ఉంది. రాత్రంతా మైకు కూడా ఉంటుంది. జెండాలు కావాలంటే అర్జునుడి రథం మీదిది సిద్ధంగా ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ముందు వరస ప్రేక్షకుడు