కమిషనరు గారూ, నవ్వెక్కడ?

రాత్రి 9 దాటితే పెద్దదోర్నాల దగ్గర శ్రీశైలం ఘాట్‌కు అటవీశాఖ గేటు పడుతుంది. తెల్లారి 6 దాకా లారీవాళ్లకూ కార్లవాళ్లకూ టీ గ్లాసు, చేతిలో ఫోను తప్ప దిక్కులేదు. అలాంటి రాత్రి కూడా చూడబుద్ధి కాని కామెడీ తీయాలంటే మాటలా? సోనీ సబ్ వాళ్లు 2017 చివర్లో ఆ ఘనత సాధించారు. పేరు ‘పార్ట్‌నర్స్: ట్రబుల్ హో గయీ డబుల్’. అందులో పెద్ద పేరు మన కనిగిరిలో పుట్టిన జానీ లీవర్‌దే!

బొంబాయి వీధుల్లో సినిమా తారల గొంతులతో పెన్నులమ్మిన మనిషి. హిందుస్థాన్ లీవర్‌లో పై అధికారులను వాళ్ల ముందే అనుకరించి, కంపెనీ పేరునే ఇంటిపేరు చేసుకున్న జనుమల వారబ్బాయి. ఒక్క మైకు చేతికిస్తే చాలు, కనుబొమ ఎగరేసి హాలంతా పొట్టచెక్కలు చేస్తాడు. ఆ మైకు లాక్కుని, నెత్తిన పోలీసు కమిషనరు టోపీ పెట్టి, సలాములు కొట్టించారు. పాపం, ఆయన ముఖం నానా వంకర్లు తిరుగుతుంది. డైలాగు మాత్రం ఉన్నచోటు నుంచి కదలదు. మార్కాపురం పలక మీద మన బడిపిల్లలు గీకినా ఇంతకంటే మంచి జోకు పడేది.

ఏడాది నిండకముందే కమిషనరు గారి స్టేషనుకు తాళం పడింది. చానెళ్ల పెద్దలకో మనవి: కమెడియన్‌కు చెక్కు రాసేటప్పుడు, రచయితక్కూడా నాలుగు రాళ్లు విదల్చండి.