రంగాగారి రామకృష్ణుడికి జేజేలు

1956లో బి.ఎస్. రంగాగారు ‘తెనాలి రామకృష్ణ’ తీసి మనకి చేసిన మేలు ఇంతా అంతా కాదు. అంతకుముందు ఆ కవిగారి పేరెత్తితే చాలు, ‘పాండురంగ మాహాత్మ్యం’ చదివావా అని నిలదీసే పెద్దలుండేవారు. ఐదు ఆశ్వాసాలు, నోరు తిరగని సమాసాలు, పక్కన నిఘంటువు. సినిమా వచ్చాక ఆ బెడద వదిలింది. కాళికాదేవి ఇచ్చిన రెండు గిన్నెలూ గుటకేసినవాడికి ఇక ఘంటంతో పనేముంది? కథ నడవడానికి ఆయన కావ్యం రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. నాగేశ్వరరావుగారి కొంటెచూపు ఒక్కటి చాలదూ!

తమిళంలో ఆ వేషం శివాజీ గణేశన్ వేశారు. రాయలు మాత్రం రెండు చోట్లా రామారావుగారే. కవి మారితే ఫరవాలేదు, రాజు మారకూడదు. సినిమా ఎవరిదో దాచుకోని ఆ నిజాయితీకి దణ్ణం పెట్టాలి.

రామకృష్ణుడు రాయల కాలంవాడే కాడని వాదించే పండితులున్నారు. ఆ మాటకొస్తే పాండురంగ మాహాత్మ్యం అంకితం పుచ్చుకున్నది కూడా రాయలు కాదు, విరూరి వేదాద్రి. ఇన్ని పేచీలనీ రంగాగారు ఒక్క సభ సెట్టుతో తేల్చేశారు.

ఇంకో గండం కూడా తప్పించారు. ఆ కావ్యంలో నిగమశర్మ అక్క అని ఒకావిడ ఉంది. చెడిపోయిన తమ్ముణ్ణి దారిలో పెడదామని పిల్లాజెల్లాతో పుట్టింటికొస్తుంది. కడుపునిండా పెట్టి, బుజ్జగించి, చీవాట్లేస్తుంది. వాడు బుద్ధిమంతుడిలా తలూపి, ఒక రాత్రి ఇంట్లో నగలన్నీ మూటగట్టుకుని ఉడాయిస్తాడు. తెల్లవారి ఇంటిల్లిపాదీ గొల్లుమంటుంటే ఆవిడ తన కొత్త ముక్కర కోసం ఏడుస్తుంది. కవి ఆవిడకి పేరైనా పెట్టలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మాత్రం ఆవిడ మీద ఏకంగా ఒక వ్యాసమే రాశారు. ఇలాంటి మనిషిని పుట్టించిన బుర్రని తెరమీద చూపించాలంటే ఎంత తంటా! అంతకన్నా సినిమాలోని కృష్ణసాని నయం. శత్రువుల వేగు, ఆట, పాట, పైపెచ్చు భానుమతిగారు. ఆవిడ పాడుతుంటే కవి ఊసు రాయలకే కాదు, నాకూ గుర్తురాలేదు.

కాబట్టి సినిమా ఎన్నిసార్లయినా చూడండి. పుస్తకం జోలికి మాత్రం పోకండి. ఆ అక్క ఒకసారి పరిచయమైతే, సినిమా చూస్తున్నంతసేపూ ఆవిడ కోసం వెతుక్కుంటారు.