బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ గారి సముఖానికి, అనంతపురం ప్రాంతపు కరెంటు కార్ల తరఫున సమర్పించే విన్నపం.

విషయం: కాలు పెట్టకుండానే పడే బ్రేకు, రాత్రికి రాత్రి మారే బండి.

కరెంటు కారుకు బ్రేకు మూడు చోట్ల నుంచి పడుతుంది. మొదటిది డ్రైవరు కాలు. రెండోది మోటారు. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయగానే మోటారు జనరేటరుగా మారి, చక్రాల ఊపును కరెంటు చేసి బ్యాటరీలోకి పంపుతుంది. ఆ పనిలో బండి నెమ్మదిస్తుంది. దీన్ని రీజెన్ అంటున్నారు. మూడోది ముందు అద్దం వెనకున్న కెమెరా, బంపరులో ఉన్న రాడారు కలిసి వేయించేది. ఎదుట అడ్డం ఉందని అవి తేల్చుకుంటే డ్రైవరు కాలు కదలకముందే బ్రేకు పడిపోతుంది. మొదటి బ్రేకును ఇన్‌స్పెక్టరు గారు తొక్కి చూడగలరు. మిగతా రెండూ ఎప్పుడు పడాలో, ఎంత గట్టిగా పడాలో నిర్ణయించేది సాఫ్ట్‌వేర్. తొక్కి చూద్దామంటే దానికి పెడల్ లేదు. ఆ మాటకొస్తే మొదటిది కూడా పూర్తిగా కాలి చేతిలో లేదు. పెడల్ తొక్కినప్పుడు మోటారు ఎంత ఆపాలి, ప్యాడ్లు ఎంత ఆపాలి అనే వాటాలు కూడా చాలా కార్లలో కంప్యూటరే వేస్తోంది.

రీజెన్‌కు ఒక గుణం ఉంది. బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే వచ్చే కరెంటును దాచుకునే చోటుండదు, కాబట్టి అది బలహీనపడుతుంది. రాత్రంతా ఇంట్లో ఛార్జింగు పెట్టి తెల్లారే దిగుడు దారి పట్టిన బండి, నిన్న సాయంత్రం ఆగినంత సులువుగా ఆగదు. ఆ తేడాను కాలే సర్దుకోవాలి. ఇది లోపం కాదు, యంత్ర ధర్మం. అలవాటైన డ్రైవరు పది రోజుల్లో పట్టుకుంటాడు. చిక్కంతా ఆ అలవాటు కుదిరాక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి రీజెన్ బలాన్ని మార్చినప్పుడే.

ఈ యంత్రాలు ఈ నేలకు పరాయివి కావు. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరాక పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ లేచింది. 2019 ఆగస్టులో అక్కడి సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది, డిసెంబరు 5న ఫ్యాక్టరీకి ప్రారంభోత్సవం జరిగింది. 2023 జులైలో కొత్త రూపు దిద్దుకున్న సెల్టోస్‌కు రెండో స్థాయి ఏడాస్, అంటే డ్రైవరుకు తోడుపడే యంత్రాంగం, అమరింది. 2025 జులైలో అదే ఫ్యాక్టరీ నుంచి కారెన్స్ క్లావిస్ ఈవీ అనే కరెంటు కారు విడుదలైంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా చీలి ఎర్రమంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినా, జనం నోట అది అనంతపురం ఫ్యాక్టరీయే. కంపెనీ కూడా అలాగే పిలుచుకుంటోంది.

స్థాయి అనే మాటకు వివరణ అవసరం. డ్రైవరు పనిని యంత్రం ఎంతవరకు తీసుకుంటుందో చెప్పే మెట్లు సున్నా నుంచి ఐదు వరకు ఉన్నాయి. అమెరికాలోని ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంఘం 2014లో వాటిని గీసింది. రెండో మెట్టు మీద బండి స్టీరింగు, వేగం రెండూ తనే చూసుకోగలదు, కానీ రోడ్డు మీద కన్ను డ్రైవరుదే, బాధ్యతా డ్రైవరుదే. మన మార్కెట్లో ఏడాస్ పేరుతో అమ్ముతున్నవాటిలో ఈ మెట్టు దాటిన కారు లేదు. షోరూంలో మాత్రం ఇది "బండి తనంతట తానే పోతుంది సార్" అనే మాటగా మారుతుంది. ఆ మాట చెప్పే కుర్రాడిని తప్పుపట్టి లాభం లేదు, అతనికి నేర్పిన పాఠం అదే.

ఇక రోడ్డు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ పీఠభూమిలో రోడ్డు ఒక్క ప్రయాణానికే కాదు, కళ్లానికి కూడా. ఉలవలు, కందులు, రాగులు, కొర్రలు కోతకొచ్చే నెలల్లో కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు తారు రోడ్డు సగానికి పంట పరుస్తారు. పోయే వచ్చే బండ్ల చక్రాలే నూర్పిడి చేస్తాయి. పరచిన చోటికి రెండు చివరలా గుండ్రాళ్లు, లేదంటే కంపకొమ్మలు పెడతారు. ఉలవ చెత్త పొడిబారి, చక్రం కింద పటపటమని, తెల్లగీతను ఎక్కడికక్కడ కప్పేస్తుంది. సాయంత్రమైతే ఎవరో ఒకరు చీపురుతో కుప్ప తోసి, గాలికి ఎత్తి పోస్తుంటారు. ఇదంతా కొత్తగా వచ్చిన ఆచారమేమీ కాదు, దీనివల్ల స్కూటర్లు జారిపడడమూ కొత్త కాదు. కొత్తగా వచ్చింది కెమెరా.

లేన్ కీపింగ్ అనేది గీతను చూసి నడిచే విద్య. కెమెరా రోడ్డు మీది తెల్లగీతలను పట్టుకుని, ఇండికేటరు వేయకుండా బండి గీత దాటబోతే స్టీరింగును వెనక్కి లాగుతుంది. ఇక్కడ డ్రైవరు గీత దాటేది నిద్రమత్తులో కాదు, పంట తప్పించడానికి, గుంత తప్పించడానికి, ఎదురుగా రాంగ్ రూటులో వచ్చే మోపెడ్‌కు దారి ఇవ్వడానికి. వీటిలో దేనికీ ఇండికేటరు వేసే అలవాటు ఎవరికీ లేదు. అందుకని గుంత తప్పించబోయిన చేతికి, గుంత వైపే లాగే స్టీరింగుకు మధ్య అర క్షణం పెనుగులాట జరుగుతుంది. ప్రతిసారీ గెలుపు చేతిదే, ఎందుకంటే ఆ లాగుడు బలాన్ని చేతికి లొంగేంతలోనే ఉంచుతారు. కానీ ఆ అర క్షణమే స్టీరింగు పట్టుకున్నవాడికి ముచ్చెమటలు పోయిస్తుంది.

రాడారుకూ ఒక బలహీనత ఉంది. అది వేగంగా పోతున్నప్పుడు కదలని వస్తువులను చాలావరకు లెక్కలోంచి తీసేస్తుంది. అలా తీసేయకపోతే ప్రతి బోర్డుకూ, ప్రతి వంతెన గోడకూ బ్రేకు వేస్తూ కూర్చోవాలి. తీసేయడం వల్ల, వెనక లైటు లేకుండా రాత్రి 44వ జాతీయ రహదారి పక్కన ఆగి ఉన్న ట్రాక్టరు ట్రాలీ, తాడిపత్రి బండల లారీ దానికి ఆలస్యంగా తడతాయి, ఒక్కోసారి తట్టవు. ఆ లోటును కెమెరా పూడ్చాలి. కెమెరాకేమో చీకటి, దుమ్ము, ఎదురెండ మూడూ పడవు. సాయంత్రం అనంతపురం నుంచి కళ్యాణదుర్గం వైపు, అంటే పడమరకు పోయే బండికి సూర్యుడు నేరుగా అద్దంలోనే ఉంటాడు. చాలా కార్లు అలాంటప్పుడు కెమెరాకు అడ్డం వచ్చిందని తెర మీద చూపి, ఏడాస్‌ను పక్కన పెట్టేస్తాయి. చేతకానప్పుడు చేతకాదని చెప్పడం వాటిలో మెచ్చుకోదగ్గ గుణం.

కెమెరా తనకు ముందుగా చూపించి నేర్పినవాటినే గుర్తుపడుతుంది. స్వీడన్‌లో దుప్పిజాతి జంతువులను చూసి నేర్చుకున్న వోల్వో యంత్రాంగం ఆస్ట్రేలియాలో కంగారూలను చూసి తికమకపడిందని 2017లో ఆ కంపెనీవారే చెప్పారు. కంగారూ గాల్లోకి ఎగిరినప్పుడు దూరమైనట్టు, దిగినప్పుడు దగ్గరైనట్టు లెక్క తేలిందట. అనంతపురం రోడ్డు మీద జంతువంటే గొర్రెలు. ఒకటి రెండు కాదు, ముందొక కాపరి, వెనకొక కాపరి, మధ్యలో రోడ్డు వెడల్పంతా మంద. మనిషినీ సైకిలునూ గుర్తుపట్టడం నేర్చిన యంత్రానికి ముందున్న కాపరి కనిపిస్తాడు. అతను రోడ్డు దిగి పక్కకు పోయాక మిగిలినదాన్ని ఏమనుకుంటుందో ఏ మాన్యువల్లోనూ ఉండదు. వాహనాలు, పాదచారులు, సైకిళ్లు తప్ప మిగతావాటికి హామీ లేదన్న ముక్క మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఈ లోటుపాట్లను సరిచేసే సాధనమే అప్‌డేట్, కాబట్టి దాన్ని శత్రువుగా చూడనక్కర్లేదు. అది రెండు దారుల్లో వస్తుంది: బండిలోని సిమ్ ద్వారా గాల్లోంచి, లేదా సర్వీస్ సెంటర్లో తీగ తగిలించి. రెండో దారికి మంచి ఉదాహరణ కియా ఈవీ6. అది ఎర్రమంచిలో పుట్టింది కాదు, దిగుమతైన బండి. కరెంటు కారులో పెద్ద బ్యాటరీ చక్రాలను తిప్పితే, కంప్యూటర్లను, లైట్లను మేపేది మామూలు 12 వోల్టుల బ్యాటరీ. ఆ చిన్నదానికి పెద్దదాని నుంచి ఛార్జింగు అందించే ఐసీసీయూ అనే పెట్టె పాడైతే చిన్న బ్యాటరీ దిగిపోతుంది. అప్పుడు పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి నడవదు. ఆ పెట్టె కోసం 2024 జులైలో మన దేశంలో 1,138 కార్లను, 2025 ఫిబ్రవరిలో 1,380 కార్లను వెనక్కి పిలిచారు. ఇచ్చిన మందు సాఫ్ట్‌వేర్ అప్‌డేటే.

మొదటి దారికి ఉదాహరణలు అమెరికాలో దొరుకుతాయి. స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆగకుండా నెమ్మదిగా జారుకునేలా టెస్లా తన కార్లకు నేర్పింది. 2022 ఫిబ్రవరిలో అక్కడి రహదారి భద్రతా సంస్థ పట్టుకుంటే టెస్లా 53,822 కార్లలో ఆ విద్యను గాల్లోంచే మాన్పించింది. 2023 డిసెంబరులో డ్రైవరు శ్రద్ధను కనిపెట్టే ఏర్పాటు చాలదని 20 లక్షలకు పైగా కార్లకు అలాగే అప్‌డేట్ పంపింది. మొదటి ఉదంతంలో గమనించాల్సింది ఒకటుంది. తప్పు కూడా ముందు సాఫ్ట్‌వేర్ రూపంలోనే వచ్చింది.

ఇక్కడే బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారి కొలువు ప్రస్తావనకు వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట చెప్పిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ రాసింది. అంటే, యజమాని ముచ్చటపడి బండి ఆకారం మార్పిస్తే నేరం. అదే బండి బ్రేకు పడే దూరాన్ని, స్టీరింగు లాగే బలాన్ని ఎక్కడో కూర్చున్న ఇంజనీరు ఒక్క రాత్రిలో మారిస్తే అది సేవ. మారినవాటిలో ఏదీ ఆర్సీలో ఉండేది కాదు కాబట్టి ఆర్సీకి తేడా రాలేదు, చట్టం చెడలేదు.

పైగా 44వ సెక్షన్‌కు చేసిన సవరణ వల్ల డీలరు అమ్మిన కొత్త కారును రిజిస్ట్రేషనుకు ఆఫీసుకు తేనవసరం లేదు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆకుపచ్చ నంబరు ప్లేటున్న కరెంటు బండిని ఇన్‌స్పెక్టరు గారు దగ్గరగా చూసే మొదటి సందర్భం చాలాసార్లు ప్రమాదం తరవాతే. అప్పుడు ఆయన పోలీసు స్టేషను ఆవరణలో నిలిపిన బండి చుట్టూ తిరిగి, ఫుట్ బ్రేకు, హ్యాండ్ బ్రేకు, స్టీరింగు, టైర్లు చూసి, నలిగిన భాగాలు రాసుకుని, చివర "ఈ ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరిగినది కాదు" అని రాసి సంతకం పెడతారు. కోర్టులో పరిహారం కేసుకు ఆ వాక్యం కూడా సాక్ష్యమవుతుంది. మూడు బ్రేకుల్లో ఒకదాన్నే పరీక్షించి రాసిన వాక్యమది. ఆ రోజు బండిలో ఏ సాఫ్ట్‌వేర్ ఉంది, ప్రమాదానికి ముందు అప్‌డేట్ వచ్చిందా, బ్రేకు వేసింది కాలా కెమెరానా అన్న ప్రశ్నలకు ఆ కాగితంలో గడే లేదు.

గడి పెట్టడానికి కొత్త విద్య కనిపెట్టనక్కర్లేదు. ఐక్యరాజ్య సమితి వాహన నిబంధనల్లో 156వది 2021 జనవరిలో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఏ బండిలో ఏ వెర్షన్ ఉందో తయారీదారు రికార్డు ఉంచాలి. అప్‌డేట్ ఎందుకు, ఏం మారుతుంది, ఎంతసేపు పడుతుంది అన్నది యజమానికి ముందే చెప్పాలి. పూర్తి చేయడానికి సరిపడా కరెంటు ఉంటేనే మొదలుపెట్టాలి. మధ్యలో చెడితే పాత వెర్షన్‌కు వెళ్లాలి, లేదా బండిని సురక్షిత స్థితిలో ఉంచాలి. యూరప్‌లో 2024 జులై నుంచి కొత్త కార్లన్నింటికీ ఇది తప్పనిసరి. మన దగ్గర ఏఐఎస్-190 అనే ప్రమాణం ఇదే అచ్చులో తయారైంది. కాబట్టి ఇన్‌స్పెక్టరు గారి నివేదికలో "సాఫ్ట్‌వేర్ వెర్షన్, చివరి అప్‌డేట్ తేదీ" అనే ఒక్క వరుస చేరిస్తే, జవాబు ఇవ్వాల్సిన భారం కంపెనీ మీద పడుతుంది.

యజమానికి ముందే చెప్పడం అన్నదానికి తెలుగులో చెప్పడం అన్న మాట కూడా జోడించాలి. ప్రస్తుతం తెర మీద వచ్చేది ఇంగ్లీషులో "పనితీరు మెరుగుపరిచాం, దోషాలు సరిచేశాం" అన్న అర్థమున్న రెండు ముక్కలు. ఏ పనితీరో, ఏ దోషమో ఉండదు. బ్రేకును, స్టీరింగును, రీజెన్‌ను తాకే మార్పులను పాటలు, మ్యాపుల మార్పులతో కలిపి ఒకే బటన్ కింద పెట్టకుండా విడిగా అడగాలి. డ్రైవరు ఇక్కడి రోడ్డుకు తగ్గట్టు లేన్ కీపింగ్ ఆపుకుని ఉంటే, అప్‌డేట్ తరవాత అది తనంతట తాను మళ్లీ లేచి కూర్చోకూడదు. తెల్లారి ఉలవల మీదుగా పోతున్నప్పుడు స్టీరింగు లాగితే గానీ యజమానికి ఆ సంగతి తెలియదు.

చివరిది పాత బండ్ల సంగతి. కారు చేతులు మారితే 29, 30 నంబరు ఫారాలు నింపి ఆర్సీ మార్పిస్తారు. బండిని ఫోనుకు కలిపే యాప్ ఖాతా మాత్రం పాత యజమాని పేరునే ఉండిపోవచ్చు. అప్పుడు అప్‌డేట్ కబురు, రీకాల్ కబురు గుత్తిలో అమ్మినవాడి ఫోనుకు వెళతాయి, కదిరిలో బండి నడిపేవాడికి అందవు. బదిలీ ఫారాలు తీసుకునేటప్పుడే ఖాతా కూడా మారినట్టు రుజువు అడగాలని, అది చూపనిదే కొత్త ఆర్సీ ఇవ్వకూడదని మనవి.