గేటాధీశుల వారికి గేటు బయటి నుంచి

మహారాజశ్రీ మా నివాసుల సంక్షేమ సంఘం అధ్యక్షుల వారి సముఖానికి,

బి బ్లాకులో కాపురముంటూ, నెలనెలా మెయింటెనెన్స్ గడువులోపలే కడుతున్న ఒక సభ్యుడు నమస్కరించి చేసుకొనే విన్నపాలు. ఉభయకుశలోపరి.

ముందుగా తమరిని అభినందించాలి. హైదరాబాద్ పడమటి దిక్కున గేటెడ్ కమ్యూనిటీలు బోలెడు వెలిశాయి గానీ, లోపల ఇల్లున్నవాడికి కూడా లోపలికి రావడం ఒక ఘనకార్యంలా తోచేటట్టు చేసిన ఖ్యాతి మాత్రం తమరిదే. బూమ్ బారియర్ పెట్టించారు. దానికి ఇంటర్‌కామ్ కలిపించారు. ఇంటర్‌కామ్‌ను అందరి సెల్‌ఫోన్లకూ కలిపించారు. ఇక ఈ మూడింటినీ మనుషులతో కలపడం ఒక్కటే మిగిలింది. ఈ లేఖ దాని గురించే.

యంత్రం మీద నాకే కోపమూ లేదు. ట్యాగ్ ఉన్నవాళ్ళకు బారియర్, లేనివాళ్ళకు ఇంటర్‌కామ్ అన్న ఆలోచన నిజంగా బాగుంది. కారు అద్దానికి అంటించిన ట్యాగ్‌ను గేటు దగ్గరి రీడర్ కొన్ని మీటర్ల దూరం నుంచే గుర్తుపడుతుంది. టోల్ ప్లాజాల్లో ఫాస్టాగ్ నడిచేదీ ఈ పద్ధతిలోనే. ట్యాగ్ లేని బండి వస్తే సెక్యూరిటీ కుర్రాడు ఫ్లాట్ నంబరు కొడతాడు. ఇంట్లోవాళ్ళు ఎవరో ఏమిటో కనుక్కొని ఫోన్లో ఒక అంకె నొక్కుతారు. ఆ అంకె గేటు దగ్గరున్న రిలేను కదిలిస్తుంది, కర్ర లేస్తుంది. రోడ్డు కింద పాతిన తీగచుట్ట, తన మీద బండి ఉన్నంతసేపూ కర్రను దిగనివ్వదు. ఇంతవరకూ వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా ఆ 'ఇంట్లోవాళ్ళు' ఎవరన్నది తేల్చకపోవడంలోనే ఉంది.

తమరి రికార్డుల ప్రకారం మా ఇంటి యజమాని మా అబ్బాయి. వాడుండేది డల్లాస్‌లో. కాబట్టి మా ఇంటికి ఎవరొచ్చినా గేటు వాడినే అడుగుతుంది. ఇది మా ఒక్కరి గోడు కాదు. రిజిస్ట్రేషన్ పిల్లల పేరున, కాపురం పెద్దవాళ్ళది అయిన ఫ్లాట్లు మన దగ్గర కొల్లలు. మొన్న వేసవిలో మా అమ్మాయి పురిటికి వచ్చి ప్రసవించిందని తెలిసి మా వదినగారు కొత్తగూడెం నుంచి కాయం డబ్బా పట్టుకొని ఆటోలో దిగారు. ఎండ మాడ్చేస్తున్న మధ్యాహ్నం ఒంటిగంట. గేటులో ఒడిశా కుర్రాడు ట్యాబ్ చేతబట్టుకొని వచ్చీరాని తెలుగులో 'ఏం పని అమ్మా?' అన్నాడు.

'బాలెంతను చూడనీకొచ్చిన బిడ్డా' అంది ఆవిడ.

ట్యాబ్‌లో ఉన్నవి నాలుగే గళ్ళు: డెలివరీ, క్యాబ్, గెస్ట్, సర్వీస్. బాలింత అంటే ఏమిటో ఆ పిల్లవాడికి తెలియదు. చేతిలో డబ్బా కనిపించింది. 'సర్వీస్' నొక్కాడు. డల్లాస్‌లో అప్పుడు తెల్లవారుజామున రెండున్నర. మావాడు నిద్రమత్తులో ఫోన్ చూసి, ఏసీ బాగుచేసేవాళ్ళు కాబోలనుకొని వద్దని కొట్టేసి అటు తిరిగి పడుకున్నాడు. కొడుకు వరసవాడు వద్దన్న పెద్దమ్మ గేటు బయట నిలబడింది. బాల్కనీలోంచి మా ఆవిడ కొంగు ఊపుతూ 'మావాళ్ళేనయ్యా, పంపించు' అని కేకలు వేస్తూనే ఉంది. కుర్రాడు తలెత్తి చూశాడు, విన్నాడు, నమ్మాడు కూడా. అయినా ఏం చేస్తాడు? 'అప్రూవల్ రాలేదు మేడమ్' అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా ఇచ్చేశాడు, మొరాయించింది గంట.

అధ్యక్షా, తమరు ఆ కుర్రాడి మీద చర్య తీసుకోవద్దు. తప్పు వాడిది కాదు. కళ్ళ ముందు కనబడుతున్నదాన్ని లెక్కచేయొద్దని, తెర మీద ఏముంటే అదే నిజమని వాడికి చెప్పింది మనం. పన్నెండు గంటల డ్యూటీలో వాడి తెలివితేటలు వాడొద్దన్నదే వాడికి మనమిచ్చిన శిక్షణ. ఇదివరకటి వాచ్‌మన్ ఏ ఇంటికి ఎవరు వస్తారో ముఖం చూసి చెప్పేవాడు. పనిమనిషి నాగా పెడితే ఆమె చెల్లెల్ని పంపిందని కూడా వాడికి తెలిసేది. ఆ జ్ఞానానికి ట్యాబ్‌లో గడి లేదు.

దొంగల భయంతో ఇదంతా పెట్టామని తమరు అంటారు. సరే, దొంగ సంగతే చూద్దాం. కర్ర నేలకు దాదాపు మీటరు ఎత్తున ఆగుతుంది. దొంగ నడిచే వస్తాడు, కాస్త నడుం వంచుతాడు, లోపలికి పోతాడు. బూమ్ బారియర్ బండ్లను ఆపడానికి చేసిన వస్తువు, మనుషులను ఆపేది కాదు. ముందు పోయే కారును అంటుకొని వెనక కారు దూరినా దానికి తెలియదు. పైగా కర్రను లేపే రిలేను బయటి స్తంభంలోనే బిగించారు. డబ్బా మూత విప్పినవాడికి రెండు తీగలు కలిపితే చాలు. ఇది బహిరంగ లేఖ కనుక ఏ తీగలో రాయను. రిలేను సెక్యూరిటీ గదిలోపలికి మార్పించాలని, అది ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని అని మాత్రం మనవి.

దొంగను ఆపలేని కర్ర స్కూటర్ల మీద మాత్రం బాగా ప్రతాపం చూపిస్తోంది. స్కూటర్‌లో లోహం తక్కువ, అది నేల కింది తీగచుట్టకు ఒక్కోసారి ఆనదు. పైన ఏమీ లేదనుకొని కర్ర దిగిపోతుంది. హెల్మెట్ మీద పడితే చప్పుడు, భుజం మీద పడితే నొప్పి. అడ్డు తగలగానే మళ్ళీ పైకి లేచే ఏర్పాటు, కిరణం తెగితే ఆగే ఫొటోసెల్, కర్ర అంచుకు రబ్బరు తొడుగు అనేవి లోకంలో ఉన్నాయి. కొటేషన్లు పిలిచినప్పుడు ధర తగ్గించడానికి మొదట కొట్టేసింది ఈ మూడింటినే అని వినికిడి. నిజం కాకపోతే సంతోషం.

ఇప్పుడు నవ్వులాట పక్కనపెట్టి చెప్పాల్సినది ఒకటుంది. 108 అంబులెన్స్ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది ఈ ఊళ్ళోనే. ఆ బండి ఊరి ట్రాఫిక్‌నంతా తోసుకొని వచ్చి మన గేటు ముందు అప్రూవల్ కోసం నిలబడుతుంది. ఫోన్ ఎత్తాల్సిన మనిషే లోపల గుండె పట్టుకొని పడిపోయి ఉంటే ఆ అంకె ఎవరు నొక్కుతారు? ఫైరింజన్ సంగతీ అంతే. దాని దారికి అడ్డం లేకుండా గేటు తలుపులు ప్రహరీ గోడకు ఆనేలా పూర్తిగా తెరుచుకోవాలని, పైన కమాను కడితే 5 మీటర్లకు తక్కువ ఎత్తు ఉండకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. మనం ఆ దారి మధ్యలో సెక్యూరిటీ క్యాబిన్ కట్టి, రెండు పక్కలా రెండు కర్రలు దించి, పైన సంఘం పేరుతో కమాను నిలబెట్టాం. కరెంటు పోతే కర్రను చేత్తో లేపడానికి ఒక తాళంచెవి ఉంటుంది. అది ఎక్కడుందని అడిగితే 'ఎస్టేట్ మేనేజర్ సార్ దగ్గర' అన్నారు. ఆయన రాత్రి ఇంటికి వెళ్ళిపోతారు, తాళంచెవితో సహా.

ఇంకొక చిన్నమాట. వచ్చేపోయేవాళ్ళందరి ఫొటోలు, ఫోన్ నంబర్లు తీసుకుంటున్నాం. ఇంట్లో అంట్లు తోమే లక్ష్మమ్మల నుంచి కూరగాయలు తెచ్చే కుర్రాళ్ళ దాకా ఎవరు ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి పోయారో లెక్క ఉంది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2023లో చేసింది. ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి తీసుకోవాలి, పని తీరాక తుడిచేయాలి అన్నది దాని సారాంశం. మా వదినగారి ఫొటో 'సర్వీస్' కింద ఇంకా ఎన్నాళ్ళు ఉంటుందో సెలవిస్తే ఆవిడకు కబురు చేస్తాను.

కాబట్టి తమరిని వేడుకొనేది ఇది. గేటు తీసేయమనడం లేదు, బారియర్‌నూ ఇంటర్‌కామ్‌నూ విడగొట్టమనడం లేదు. వాటి మధ్య కొన్ని నియమాలు పెట్టమంటున్నాను.

1. గేటు ముందు కాపురమున్నవాళ్ళ ఫోన్‌కు మోగాలి. అర నిమిషంలో ఎత్తకపోతే ఇంట్లో రెండో నంబరుకు పోవాలి. విదేశాల్లో ఉన్న యజమానిని అడగడం అన్నిటికంటే చివర.

2. అంబులెన్సుకు, ఫైరింజన్‌కు ప్రశ్నలుండకూడదు. ఫైర్ అలారం మోగితే కర్రలు వాటంతటవే లేచి నిలబడేలా వైరింగ్ చేయించాలి.

3. తాళంచెవి సెక్యూరిటీ గదిలోనే గోడకు వేలాడాలి. దాన్ని ఎలా వాడాలో రాత్రి డ్యూటీవాళ్ళ చేత నెలకొకసారి చేయించి చూడాలి.

4. స్కూటర్లకు వేరే దారి, నడిచేవాళ్ళకు వేరే చిన్న గేటు ఉండాలి. కర్రకు ఫొటోసెల్ పెట్టాలి.

5. వచ్చినవాళ్ళ వివరాలు ఎన్ని రోజులుంచుతామో గేటు దగ్గర తెలుగులో, హిందీలో బోర్డు రాయాలి.

6. అన్నిటికంటే ముఖ్యం: గేటులో ఉన్న మనిషి తన విచక్షణతో కర్ర లేపే అధికారం రాతపూర్వకంగా ఇవ్వాలి. లేపిన కారణం రిజిస్టర్‌లో రాస్తాడు. వాడు పొరపడితే సంఘం తరఫున మనం భరిద్దాం. జీతమిచ్చి ఒక మనిషిని అక్కడ నిలబెట్టుకొని, వాడి కళ్ళను లెక్కలోకి తీసుకోకపోవడం దుబారా.

ఈ అర్జీని ఆఫీసులో స్వయంగా ఇద్దామని వచ్చాను. అధ్యక్షుల వారిని కలవాలంటే యజమాని పేరున యాప్‌లో అపాయింట్‌మెంట్ ఉండాలన్నారు. అందుకే నోటీసు బోర్డుకు అంటిస్తున్నాను. జవాబు దయచేసి రికార్డుల్లో ఉన్న నంబరుకు మాత్రం పంపకండి. అక్కడ తెల్లవారుజాము అయితే మావాడు దాన్ని కూడా వద్దని కొట్టేస్తాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
బి బ్లాకులో ఉంటున్నట్టు తమ రికార్డుల్లో లేని నివాసి