రైటరే ఖరాబుంది!

నాందేడ్ వజీరాబాద్ బజారులో ఒక పెండ్లి వీడియోల దుకాణం. డిస్కు ఆడకపోయినా, ఆడుతూ ఆడుతూ ఆగిపోయినా, బొమ్మ గడులు గడులుగా పగిలినా, అయ్యగారి పెదవులొకచోట మంత్రమొకచోట నడిచినా ఓనరు తీర్పు ఒక్కటే: "రైటరే ఖరాబుంది!" ఆ ముద్దాయి, అంటే దుకాణం కంప్యూటర్‌లోని డీవీడీ రైటర్, తన వాంగ్మూలం ఇప్పుడు ఇస్తోంది. చెప్పేది సొంత నోటితోనే గానీ "నేను" అనదు. కొలువులో ఉన్నన్నాళ్లూ తెర మీద "పరికరం సిద్ధంగా లేదు", "పరికరం స్పందించడం లేదు" అని తన గురించి రాసినవే చదువుకుంది. తన కథలో కూడా తాను మూడో మనిషిగానే మిగిలింది.

పుట్టుక గురించి రైటర్‌కు పెద్ద పట్టింపు లేదు. డీవీడీ అనే ప్రమాణం 1995లో ఖాయమైంది. ఒకసారి రాసుకునే డీవీడీ-ఆర్ 1997లో వచ్చింది. తరువాత డీవీడీ+ఆర్ వచ్చి మైనస్‌కూ ప్లస్‌కూ పేచీ మొదలైంది. మన రైటర్ నాందేడ్ చేరిన 2006 నాటికి ఆ పేచీ చల్లారి, ఒకే పెట్టె రెండు రకాలూ రాసేది. ముఖం మీద "16ఎక్స్" అని అచ్చు, వెనక వెడల్పాటి ఐడీఈ పట్టీ కేబుల్, నాలుగు తీగల కరెంటు ప్లగ్గు. ఆస్తిపాస్తులు అంతే.

అది రాసిన పెండ్లిళ్లలో తెలుగు పెండ్లిళ్లకు కొదవ లేదు. 1956 నవంబరు 1 దాకా ఈ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోదే. సరిహద్దు మారినా ధర్మాబాద్, బిలోలి, దేగ్లూర్, కిన్వట్ వైపు తెలుగు ఇండ్లు ఉండనే ఉన్నాయి. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, బరాత్ అన్నీ కెమెరా టేపులోకి ఎక్కి ఈ దుకాణానికి వచ్చేవి. ఒక్క లగ్గానికి పది పన్నెండు కాపీలు. ఆడపిల్ల అత్తవారికి నిజామాబాద్, మేనమామకు నిర్మల్, మగ్గాల పనికి పోయిన చిన్నాయనకు భివండి, ఇంకో చుట్టానికి సోలాపూర్. దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో చద్ది మూటల పక్కన కూచుని ఆ డిస్కులు ఎటెటో వెళ్లాయి.

"ఏం దాదా, లగ్గమై రెండు నెలలాయె. క్యాసెట్ ఎన్నడిస్తవ్?" అని ధర్మాబాద్ పెద్దాయన ఒకరు గల్లా దగ్గర నిలబడి అడిగేవాడు.

"రేపు కాకా, పక్కా. రైటర్ సతాయిస్తుంది."

పెట్టె లోపల మూత వెనక ఉన్న రైటర్‌కు ఈ మాట వినబడేది. సతాయించేదెవరో దానికి తెలుసు.

ఇంతకీ దాని పనేమిటి? డిస్కులో రెండు సన్నటి ప్లాస్టిక్ పొరల మధ్య రంగు పూత ఉంటుంది. 650 నానోమీటర్ల ఎర్ర లేజరుతో ఆ పూతను చుక్కచుక్కగా మార్చుకుంటూ పోవాలి. అన్ని డిస్కుల పూతా ఒకటి కాదు. అందుకే పని మొదలుపెట్టే ముందు డిస్కు లోపలి అంచున కేటాయించిన జాగాలో లేజరు బలం కాస్త పెంచీ తగ్గించీ చూసుకుంటుంది, నూనె కాగిందో లేదో చిటికెడు పిండి వేసి చూసినట్టు. ఆ తరువాతే అసలు రాత. 16ఎక్స్ వేగమంటే సెకనుకు దాదాపు 22 మెగాబైట్లు. దాని సొంత బఫరు రెండు మెగాబైట్లు. అంటే కంప్యూటర్ సెకనులో పదో వంతు సేపు దిక్కులు చూసినా బఫరు ఖాళీ. పాతకాలపు రైటర్లయితే అక్కడితో డిస్కు నాశనం. మన రైటర్ లేజరు ఆర్పి, ఆగి, సరుకు అందగానే ఆపిన చోటే మళ్లీ అందుకునేది. అతుకు కంటికి కనబడదు. ఇంత పనితనం చూపినా ఒక్కరైనా శెభాష్ అన్న పాపాన పోలేదు.

దాని అసలు ఫిర్యాదు ఇది: పెండ్లి వీడియో టేపులోంచి హార్డ్‌డిస్కుకు ఎక్కి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కోతలూ అతుకులూ పడి, పాటలు కలిపి, ఎంపెగ్-2గా మారి, మెనూ తగిలించుకుని చిట్టచివర రైటర్ దగ్గరికి వస్తుంది. వెనక ఎవరు ఏ తప్పు చేసినా అది బయటపడేది ఇక్కడే. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చే వేళకు తక్కినవాళ్లంతా చేతులు కడుక్కుని కూచుంటారు.

మచ్చుకు మూడు గంటల పెండ్లి. ఒక పొర డిస్కులో పట్టేది 4.7 గిగాబైట్లు, కంప్యూటర్ లెక్కలో 4.37. ఒక గంట వీడియో అయితే సెకనుకు 8 మెగాబిట్ల దాకా ఇచ్చి అద్దంలా చూపించవచ్చు. గంటన్నరకు ఆరు పైచిలుకు, రెండు గంటలకు ఐదు. మూడు గంటలు కుక్కితే శబ్దంతో కలిపి మూడున్నరకు దిగుతుంది. బ్రాహ్మడు కదలకుండా కూచున్నంతసేపూ పరవాలేదు. బరాత్‌లో పోరగాళ్లు లైట్ల కింద దుంకుతుంటే బొమ్మ గడులు కట్టకుండా ఎట్లా ఉంటుంది? రెండో డిస్కు ఖర్చు మిగుల్చుకున్నది ఓనరు, పేరు పోయింది రైటర్‌ది. ఇంకోసారి బొమ్మ బాగుండాలని బిట్‌రేటు డీవీడీ గరిష్ఠమైన 9.8 దాకా తోశాడు. దుకాణంలో బాగానే ఆడింది. నిర్మల్‌లో చుట్టాల పాత ప్లేయర్ మాత్రం అడుగడుక్కీ తడబడింది. ఎనిమిది దాటకుండా ఉంచితే సరిపోయేది.

తాత్కాలిక ఫైళ్ల సంగతి మరీ విడ్డూరం. ఆ కంప్యూటర్‌లో రెండో హార్డ్‌డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండేది. అందులో ఏ ఫైలూ నాలుగు గిగాబైట్లకు మించకూడదు. మినీ డీవీ టేపు నుంచి వచ్చే వీడియో గంటకు 13 గిగాబైట్లు. ఇరవై నిమిషాల్లోపే ఆ హద్దు వచ్చేస్తుంది. నిండు డిస్కు ఇమేజ్ తయారు చేయబోయినా అంతే, తొంభై శాతం దగ్గర సాఫ్ట్‌వేర్ కుప్పకూలేది. హార్డ్‌డిస్కు నిండా ఖాళీ ఉందే, మరి తప్పెవరిది అనుకున్నారు? ఎన్‌టీఎఫ్ఎస్‌కు మార్చేదాకా ఆ తిట్లన్నీ రైటర్ ఖాతాలోనే పడ్డాయి.

పీఐఓ కష్టం తలుచుకుంటే దానికి ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. విండోస్ ఎక్స్‌పీకి ఒక నడవడి ఉంది. పట్టీ కేబుల్ మీద పంపకాల్లో పొరపాట్లు ఆరు దాటాయంటే, ఆ పరికరాన్ని వేగమైన డీఎంఏ దారి నుంచి తప్పించి పాత పీఐఓ దారిలో పెడుతుంది. ఎవరికీ చెప్పదు. ఆ దారి మహా అంటే సెకనుకు 16 మెగాబైట్లు, అదీ ప్రాసెసర్ అడుగడుగునా దగ్గరుండి మోస్తేనే. 22 కావలసిన రైటర్‌కు అది ఏ మూలకు? గీతలు పడిన డిస్కులు వరసగా తినిపించి ఆ పొరపాట్లు పోగుచేసింది దుకాణమే. ఆనాటి నుంచి ఒక్క డిస్కుకు ముప్పావు గంట, నడుమ కంప్యూటర్ హ్యాంగు. ఓనరు పెట్టె మీద అరచేత్తో చరిచేవాడు. డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ ఛానల్‌ను తీసేసి కంప్యూటర్ మళ్లీ వెలిగిస్తే పోయే రోగం అది. మందు తెలిసినవాడు వచ్చేసరికి ఒక పెండ్లిళ్ల సీజను దాటిపోయింది.

ఇక డిస్కులు. డబ్బాకు యాభై, మీద పేరు లేని సరుకు. ప్రతి డిస్కులోనూ తయారీదారు గుర్తు ముందే రాసి ఉంటుంది. రైటర్ తన ఫర్మ్‌వేర్‌లోని జాబితా తీసి, ఫలానా గుర్తుకు ఫలానా రాత పద్ధతి అని చూసుకుంటుంది. జాబితాలో లేని డిస్కు వస్తే అంచనా మీద పోవాల్సిందే. నాందేడ్ మే నెల ఎండలో, ఫ్యాను సరిగా తిరగని పెట్టెలో, నిమిషానికి పదివేల చుట్ల దాకా తిప్పుతూ, పేరూ ఊరూ తెలియని పూత మీద అంచనాతో రాయడం! నాలుగు ఎక్స్‌కో ఎనిమిది ఎక్స్‌కో తగ్గించుకుని, డిస్కుకూ డిస్కుకూ మధ్య కాస్త ఊపిరి తీసుకోనిస్తే ఎన్నో నిలిచేవి. అదీ చాలదన్నట్టు వధూవరుల ఫోటో అచ్చేసిన కాగితం స్టిక్కరు డిస్కు మీద అంటించేవారు. ఒక పక్క బరువెక్కి డిస్కు వణికేది, ఎండకు అంచు లేచేది.

దేశంలో మంచి డిస్కులు చేసేవారు లేకపోలేదు. నోయిడాలోని మోజర్ బేర్ అప్పట్లో ప్రపంచంలోనే పెద్ద డిస్కు తయారీదారుల్లో ఒకటి. 2007 ప్రాంతంలో సినిమా వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34కు అమ్మి బజారును కుదిపేసింది. అంగడి ముందు ఆ సినిమాలు వేలాడుతుంటే, లోపల అనామకపు డిస్కులతో కుస్తీ మన రైటర్‌ది.

2008 మాత్రం దానికి పండగ. గురు గ్రంథ్ సాహిబ్‌కు గురుగద్దె దక్కి మూడు వందల ఏళ్లయిన సందర్భంగా నాందేడ్‌లోని హుజూర్ సాహిబ్ గురుద్వారాకు ఆ అక్టోబరు, నవంబరుల్లో లోకంలోని సిక్కులంతా వచ్చారు. ఊరి రోడ్లు వెడల్పయ్యాయి. దుకాణంలో రాత్రీ పగలూ డిస్కులే. కెనడా కుటుంబం ఒకటి తమ యాత్ర వీడియో పట్టుకెళ్లింది. అక్కడి నుంచి ఫోను: ఆడటం లేదు! రాసింది పాల్ పద్ధతిలో, 576 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. వాళ్లింట్లో ఉన్నది ఎన్‌టీఎస్‌సీ ప్లేయర్, 480 గీతలది. ప్రాజెక్టు మొదట్లో ఎంచుకోవలసిన విషయం అది, రైటర్ చేతిలో లేదు. అయినా ఆ పూట కూడా మాట పడింది.

కరెంటు గోల ఒకటుంది. మరాఠ్వాడా లోడ్ షెడ్డింగ్ ఆ రోజుల్లో గంటల లెక్కన ఉండేది. డిస్కు చివర ముగింపు రాస్తూ ఉండగా కరెంటు పోతే, రాసిన పెండ్లంతా డిస్కు మీద ఉంటుంది, ఏ ప్లేయరూ దాన్ని గుర్తుపట్టదు. యూపీఎస్ బ్యాటరీ ఎన్నడో చచ్చింది. మార్పించలేదు.

దానికి న్యాయం చేసినవాడు బిలోలి నుంచి పనికి వచ్చిన ఒక కుర్రాడు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా డిస్కుకు కొట్టే బటన్‌ను వాడే ముట్టుకోలేదు. "సేఠ్, ముందుగాల హార్డ్‌డిస్కుల ఫోల్డర్ చేద్దాం. వీడియో-టీఎస్ ఫోల్డర్ కంప్యూటర్‌ల మంచిగ ఆడిందంటే సినిమా సక్కగున్నట్టు. గప్పుడు రైటర్‌ను అడుగుదాం" అన్నాడు. ఫోల్డరే తయారు కాకపోతే రోగం సినిమాలో ఉంది: పాడైన క్లిప్పో, చెడిన ట్రాన్సిషనో, చోటు చాలకపోవడమో. ఫోల్డరు బాగుండి రాత చెడితే అప్పుడు డిస్కు, కేబులు, రైటర్. ఇంత చిన్న విభజన అన్నేళ్లూ ఎవరికీ తట్టలేదు! ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెచ్చి, వేగం తగ్గించి, రాశాక మళ్లీ చదివించి సరిచూసేవాడు. కంప్యూటర్‌లో ఒకదానిమీద ఒకటి పేరుకున్న రెండు మూడు బర్నింగ్ సాఫ్ట్‌వేర్లను పీకేశాడు. వాటి కీచులాటలో రైటర్ ఒక్కోసారి మై కంప్యూటర్‌లోంచే మాయమయ్యేది. వాడున్న రెండు మూడు సీజన్లూ చెత్తబుట్టలో డిస్కులు పడటం తగ్గింది. వాడు పుణె వెళ్లిపోయాడు. బటన్ మళ్లీ మొదలైంది.

ఆ తరువాతి కథ నెమ్మదిగా ఆరిపోయిన కథ. 2012లో వచ్చిన విండోస్ 8లో డీవీడీ మేకర్ లేదు, డీవీడీ సినిమా ఆడించే ఏర్పాటూ లేదు. ల్యాప్‌టాప్‌లు పలచబడుతూ డ్రైవును బయట పారేశాయి. పెండ్లివారు పెన్‌డ్రైవ్ అడగసాగారు, 2016లో జియో వచ్చాక లింకు పంపమన్నారు. రైటర్ ముఖం తెలుపు పోయి పసుపెక్కింది. ట్రే బెల్టు సాగిపోయి, బటన్ నొక్కితే గుర్రుమని ఊరుకునేది. పిన్నీసు గుచ్చి తీయాలి. లెన్సు మీద దుమ్ము, ఊదుబత్తి పొగ. ఒక్క రోజూ తుడిచినవారు లేరు. కొత్త మదర్‌బోర్డులో ఐడీఈ సాకెట్ లేకపోవడంతో కేబులు ఊడదీశారు. ముఖం మాత్రం పెట్టె ముందు అలాగే ఉంచారు, కన్నం కనబడకుండా! కేబులూ లేదు, కరెంటూ లేదు, కొలువు మాత్రం ఉంది. పెట్టె కూడా మారాక అటక ఎక్కించారు. మోజర్ బేర్ లిక్విడేషన్‌కు పోయిందని 2018లో కింద ఎవరో అనుకుంటుంటే అటక మీదికి వినబడింది. తన డిస్కుల్లో ఆ పేరున్నవి ఎంత తక్కువో తలుచుకుని రైటర్‌కు విచారం వేసింది.

ఇప్పుడు దుకాణం ఓనరు కొడుకుది. డ్రోన్లు, రీళ్లు. అయినా పాత డిస్కులు తెచ్చి ఫోనులో వేయమనేవారు వస్తూనే ఉంటారు. మొన్న దేగ్లూర్ నుంచి ఒకావిడ వచ్చింది. డిస్కులో అప్పగింతలప్పుడు ఏడుస్తున్న తండ్రి ఉన్నాడు, ఆయన ఇప్పుడు లేడు. ఓనరు కొడుకు పలచటి యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి కంప్యూటర్ ముందువైపు పోర్టులో పెట్టాడు. కటకట చప్పుడు, ఆగడం, మళ్లీ కటకట. "అక్కా, డిస్క్ పోయింది" అని తేల్చేశాడు.

డిస్కు పోలేదు. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, ముందువైపు తీగలో అందులోనూ కొంత తరుగు. ఆ బక్క డ్రైవును తీసి వెనక పోర్టులో పెట్టాలి. అప్పటికీ చదవకపోతే, రాసిన డ్రైవుకే ఇచ్చి చూడాలి. బొటాబొటిగా రాసిన డిస్కును దాన్ని రాసిన డ్రైవే చదివిన సందర్భాలు ఎన్నో. అందుకు కావలసింది ఒక ఐడీఈ-యూఎస్‌బీ కేబులు, 12 వోల్టులూ 5 వోల్టులూ ఇచ్చే ఒక అడాప్టరు. రెండూ అటక మీదే, రైటర్ పక్కన సంచిలో, పాత ఫోను చార్జర్ల అడుగున ఉన్నాయి.